అంకెలు అడుక్కునే బావ

మా తిరుపతిరావు బావ అంకెలు అడుక్కుంటాడు. లోకంలో అడుక్కునేవాళ్ళు బియ్యం అడుగుతారు, చిల్లర అడుగుతారు, ఎన్నికలొస్తే ఓట్లు అడుగుతారు. మా రమణక్క మొగుడు మాత్రం చంకలో నోటుపుస్తకం, చెవి మీద పెన్నూ పెట్టుకుని, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఆపి, "ఓ అంకె సెప్పు. ఆలోసించకుండా సెప్పు" అంటాడు. చెప్పేదాకా దారి వదలడు. చెప్పాక దాన్ని రాసుకుని, ఎడంచేతికున్న పాతవాచీ వంక కాసేపు చూసి, టైము సెకన్లతో సహా పక్కన వేసుకుని, మనమేదో మహోపకారం చేసినట్టు దండం పెట్టి వెళ్ళిపోతాడు.

ఏడు అన్నవాళ్ళంటే ఆయనకి చులకన. ఒకటి నుంచి పది లోపల చెప్పమంటే సగం మంది ఏడే అంటారట. "మనిసి బుర్ర అంత పాసిపోనాది బావా" అని బాధపడేవాడు. నాయకుల ఉపన్యాసాలకి అసలు పుస్తకమే తెరిచేవాడు కాదు, తర్వాతి మాట ఏమిటో ముందే తెలిసిపోతుంది కనుక ఎందుకూ పనికిరాదట. మా అక్క కోపాన్ని మాత్రం సగం మార్కులతో పాస్ చేశాడు. ఎప్పుడొస్తుందో తెలియదు కానీ ఎంతసేపుంటుందో తెలుసునట. నౌపడ గేటు దగ్గర ఇల్లు కావడంతో ఆయనకి అన్నిటికంటే ఇష్టమైనది పాసింజరు రైలు. అది ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడని మురిసిపోయేవాడు.

నేను కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు మేస్త్రీని. బావ వారానికోసారి మా దగ్గరికొచ్చి, కుప్పలోంచి గుప్పెడు పప్పు తీసి, గుండ్లెన్ని, బద్దలెన్ని, ముక్కలెన్ని అని లెక్కపెట్టి రాసుకుని, పప్పు మళ్ళీ కుప్పలో పోసేసేవాడు. ఒక్కటి కూడా నోట్లో వేసుకునేవాడు కాదు. మా ఓనరుకి అనుమానమొచ్చింది అక్కడే. తినడానికొచ్చినవాణ్ణయితే అర్థం చేసుకోవచ్చు. "మాకు కూలిచ్చి లెక్కెట్టమంటారు, ఈ బాబు ఊరికినే లెక్కెడతాడు. రోజూ రమ్మనండి మేస్త్రీ" అని పప్పు ఏరే ధనలక్ష్మి వేళాకోళమాడేది.

కోటబొమ్మాళిలో మా చుట్టాల పెళ్ళిలో తలంబ్రాలు పోసేటప్పుడు, బావ పీటల దగ్గరికంటా జరిగి, పుస్తకం తెరిచి పట్టుకుని కూర్చున్నాడు. పేజీ మీద ఎన్ని గింజలు పడతాయో లెక్కపెట్టాలట. పురోహితుడు మంత్రం ఆపి, ఇది ఏ ఊరి ఆచారమని అడిగాడు. ఇది మగపెళ్ళివారి ఆచారం కాబోలనుకుని, ఆడపెళ్ళివారు కంగారుగా ఓ పుస్తకం తెప్పించి, వాళ్ళ పెద్దాయన్ని ఎదురుగా కూర్చోబెట్టారు. ఆయనకి పదకొండు గింజలు పడ్డాయి. మా వైపు తొమ్మిదే పడ్డాయని మా పెదనాన్న భోజనాల దగ్గర అలిగాడు.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. టెక్కలిలో ఒక కాలేజీ కంప్యూటరు ల్యాబులో బావ పాతికేళ్ళు అసిస్టెంటుగా చేశాడు. ఒక ఏడాది ప్రాక్టికల్ పరీక్షల్లో ఎవరికి ఏ ప్రశ్న రావాలో కంప్యూటర్నే తియ్యమన్నారు. మూడో రోజుకి పిల్లలు మొదటి బెంచీ కోసం కొట్టుకున్నారు. పొద్దున్న ఆన్ చెయ్యగానే ఆ మిషను రోజూ అదే వరసలో ప్రశ్నలిస్తోంది, మొదటి బెంచీకి ఎప్పుడూ తేలిక ప్రశ్నే పడుతోంది. లెక్చరర్లకి తెలియలేదు కానీ పిల్లలు పసిగట్టేశారు.

అప్పటినుంచి బావ దొరికినవాళ్ళందరికీ పాఠం చెప్పడం మొదలెట్టాడు. కంప్యూటరంత విధేయుడు లోకంలో లేడట. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలుసు కాబట్టి, తోచిన అంకె ఒకటి చెప్పమంటే దానికి చేతకాదు. నిద్రలేచేసరికి బుర్ర ఖాళీ. అందుకని బయటి గందరగోళాన్ని పోగేసుకుంటుంది: కీబోర్డు మీద ఎవరి వేలు ఎప్పుడు పడింది, మౌసు ఎటు కదిలింది, లోపల డిస్కు ఎంత తడవు తిరిగింది. అన్నీ కలిపేసి, అందులోంచి ఎవరూ ముందుగా ఊహించలేని అంకెలు తీస్తుంది. అలాంటి గందరగోళాన్ని దానికి మేపడానికే తను ఊరంతా తిరిగి అంకెలు ఏరుతున్నాడట. "ఆపీసేముందు కాసింత దాసుకుంటాది కూడాను. పొద్దుట లేసేతలికి సద్దన్నం ఉండాల కదా" అనేవాడు. అందులో నాకు అర్థమైంది చద్దన్నం ఒక్కటే.

ఇంతవరకు నవ్వులాట. మా ఉద్దానంలో ఏ కబురు మొదలెట్టినా చివరికి కిడ్నీల దగ్గరికే వస్తుంది, ఇదీ అంతే. ఆ రోగం ఎవరికి వస్తుందో, ఎందుకు వస్తుందో గట్టిగా చెప్పినవాడు మాకింతవరకు కనిపించలేదు. కొబ్బరితోట ఉన్నవాడికీ వస్తుంది, ఆ తోటలో కూలికెళ్ళేవాడికీ వస్తుంది. పరీక్షలంటూ వచ్చినవాళ్ళు రక్తం పట్టుకెళ్ళారు, నీళ్ళు పట్టుకెళ్ళారు, నీళ్ళు పోసిచ్చిన మా సీసాలు కూడా తిరిగివ్వలేదు. రెండేళ్ళ కిందట అది నా భార్య భాగ్యలక్ష్మికి వచ్చింది. ఆ చీటీ ఎవరు తీశారో తెలిస్తే నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి.

ఆ రోగం ముదిరితే వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. పలాసలో ఒక ట్రస్టువాళ్ళ డయాలసిస్ సెంటరుంది, మా ఊరికి అరగంట దారి. అక్కడ సీటు లేకపోతే శ్రీకాకుళమే గతి. పూండిలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, ఆటో పట్టుకుని, నాలుగు గంటలు మంచం మీదుండి, నిలబడే ఓపిక లేని ఒంటితో మళ్ళీ అదే దారిన రావాలి. పక్కన ఒక మనిషి ఉండితీరాలి. నేను వారానికి మూడు రోజులు పని మానేస్తే, ఫ్యాక్టరీ నన్ను ఏడు రోజులూ మానిపించేస్తుంది. పలాసలో సీటు దొరుకుతుందా లేదా అన్నదాని మీదే మా ఇద్దరి బతుకూ నిలబడి ఉంది.

సిఫార్సుల గోల పడలేక ట్రస్టువాళ్ళు సీట్లకి కంప్యూటరు లాటరీ పెట్టారు. ఆ కంప్యూటరు చూసేవాడు ప్రదీప్. వాళ్ళ మావయ్య మా వైపు ఒక నాయకుడు, పేరెందుకులెండి. మొదటి లాటరీ నాడు నాయకుడుగారు ఇలాంటి పని ముహూర్తం చూసి చెయ్యాలన్నారు. పది గంటల నలభై రెండు నిమిషాలకి దివ్యంగా ఉందన్నారు. కిడ్నీలు పోయినవాళ్ళ లాటరీకి ముహూర్తమేమిటని ఒక్కరు అడిగితే ఒట్టు. నేనూ అడగలేదు. పడని బోరుకి కూడా ముహూర్తం చూసి తవ్వే జాతి మనది. కొబ్బరికాయ కొట్టారు, ప్రదీప్ సరిగ్గా ఆ నిమిషానికి మీట నొక్కాడు, మొదటి మూడు సీట్లూ నాయకుడి చుట్టాలకే వచ్చాయి. దైవబలమనుకుని మేం ఇళ్ళకి పోయాం.

ప్రొజెక్టరు వైర్లు కలపడానికి పిలిస్తే వెళ్ళిన బావ మాత్రం అలా అనుకోలేదు. "పెళ్ళికి ముహూర్తం పురోయితుడు పెడతాడు. దీనికి పెట్టింది ప్రదీపు. అదేటో సూడాల" అని కూర్చున్నాడు. నెలన్నర తిరిగాక రెండో లాటరీ వచ్చింది. నాలుగు సీట్లు ఖాళీ. ఎలా ఖాళీ అయ్యాయని అడక్కండి, ఆ సెంటర్లో సీటు ఖాళీ అయ్యే దారి ఒక్కటే. ఇరవై రెండు కుటుంబాలు కాచుకుని ఉన్నాయి. ఈసారి ముహూర్తం పదకొండు గంటల పదిహేడు నిమిషాలు.

ముందురోజు నేను నౌపడ వెళ్ళాను. ముహూర్తం గుట్టు బావ రేపు బయటపెడుతున్నాడనీ, ఆ తర్వాత మిషను దగ్గర ఆయనే కూర్చోడానికి ట్రస్టువాళ్ళు ఒప్పుకున్నారనీ అక్క చెప్పింది. సిగ్గు విడిచి అడిగాను. భాగ్యం పేరు కాస్త పైకి జరిపితే ఎవరికీ తెలియదు, ఒక్క పేరే కదా, సొంత బావమరిది పెళ్ళాం కదా అన్నాను.

"అది నా సేతిలో నేకుండా సెయ్యడానికే కదా బావా ఈ గోలంతా" అన్నాడు బావ.

అక్క నా వైపే మాట్లాడింది. ఆ పూట ఆయనకి అన్నం పెట్టలేదని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఆ కబురు విని కూడా కడుపు చల్లారలేదు.

మర్నాడు పదకొండు కొట్టగానే బావ లేచి, ఒక్క నిమిషం ఆగితే కిందటి ముహూర్తం మరోసారి చూపిస్తానన్నాడు. కంప్యూటరు గడియారాన్ని ఆ రోజుకి, ఆ పది నలభై రెండుకి వెనక్కి తిప్పి మీట నొక్కాడు. తెర మీద పాత జాబితా పేరు పొల్లుపోకుండా వచ్చింది, అవే మూడు పేర్లు పైన. మళ్ళీ తిప్పి నొక్కాడు, మళ్ళీ అదే. పది నలభై మూడు పెట్టి నొక్కితే వేరే పేర్లొచ్చాయి. ఆ ప్రోగ్రాము గడియారంలో నిమిషాన్ని తప్ప ఇంకేమీ చూడదు. ప్రదీప్ ముందుగానే నిమిషం తర్వాత నిమిషం నొక్కి చూసుకుని, తనవాళ్ళు పైకొచ్చే నిమిషాన్ని ఎంచుకుని, దానికి ముహూర్తమని పేరు పెట్టాడు.

హాల్లో అందరూ తెర దగ్గరికి జరిగారు. కోటబొమ్మాళి వైపునుంచి వచ్చిన లక్ష్మమ్మ అనే పెద్దావిడ, సెలైను సూదులతో నల్లబడ్డ చెయ్యి ఎత్తి అడిగింది: "అయితే బాబూ, ఆ దేవుడు గడియారంలో ఉన్నాడేటి?"

తర్వాత చాలా అరుపులయ్యాయి. తనకేమీ తెలియదనీ, పిల్లాడు పొరపాటు చేశాడనీ నాయకుడుగారు అన్నారు. పిల్లాడికి ముప్పై నాలుగేళ్ళు. ప్రదీప్‌కి ఏమీ కాలేదు, ఇప్పుడు వేరే ఆఫీసులో వేరే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మోసంతో వచ్చిన ఆ ముగ్గుర్నీ లేపెయ్యాలని కేకలేస్తూ లోపలికెళ్ళినవాళ్ళం, మంచాల మీద వాళ్ళ మొహాలు చూసి నోరు మూసుకుని బయటికొచ్చాం. రోగం వాళ్ళదీ నిజమే.

అప్పుడు బావ తన తంతు మొదలెట్టాడు. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి కీబోర్డుని ఇష్టమొచ్చినట్టు బాదాలి. అందులో ఇరవై ఒక్కమంది దొంగలైనా సరే, ఒక్కడు నిజంగా తోచింది కొడితే చాలు, ఫలితం ఎవడూ ముందు పట్టలేడట. ఒకాయన చెప్పులు విడిచి వచ్చి మోచేత్తో నొక్కాడు. ఒకాయన భక్తిగా భార్య పేరు టైపు చేస్తుంటే, అది ఊహించడం తేలిక, మళ్ళీ కొట్టమని బావ కసిరాడు. ఇంకొకాయన కళ్ళు మూసుకుని ఒకే మీట పట్టుకుని వదల్లేదు. లక్ష్మమ్మ పిడికిలితో నాలుగు గుద్దులు గుద్ది, "ఇప్పుడు కాసింత సుకంగా ఉన్నాది" అంది. నేనూ బాదాను. ముహూర్తం దాటిపోతోందని నాయకుడుగారు కొట్టని కొబ్బరికాయతో వెళ్ళిపోయారు.

భాగ్యం పేరు పద్నాలుగోది వచ్చింది. లక్ష్మమ్మది పదిహేడు. సీట్లు నాలుగు. అంటే మా వంతు రావాలంటే సీట్లలో ఉన్నవాళ్ళూ, వరసలో ముందున్నవాళ్ళూ కలిపి పదిమంది తీరాలి. తీరడమంటే ఏమిటో మళ్ళీ చెప్పక్కర్లేదు. ప్రదీప్ మోసం చేసి ఉంటే తిట్టుకోడానికి నాకో మొహం ఉండేది. బావ ఆ మొహం కూడా లేకుండా చేశాడు, మీట బాదింది నా చేతులే మరి. అందుకని బావ మొహాన్నే పెట్టుకున్నాను. ఆయనతో మాటలు మానేశాను. ఎదురుపడి అంకె అడిగితే మాత్రం "పద్నాలుగు" అనేవాణ్ణి. ఎప్పుడడిగినా పద్నాలుగే. ఆయన అదీ రాసుకునేవాడు.

భాగ్యాన్ని ఇక మిషనెక్కించక తప్పదని డాక్టర్లన్నారు. మొదటి వారం మూడుసార్లూ ఆమెతో నేనే శ్రీకాకుళం వెళ్ళాను. ఓనరు ఏమీ అనలేదు, నా కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టి చూశాడు. రెండో వారం మంగళవారం రైలు నౌపడలో ఆగగానే పుస్తకంతో సహా బావ ఎక్కాడు. ఆమదాలవలస వైపు అంకెలు తనకి బొత్తిగా తక్కువయ్యాయట. ఇకనుంచి మంగళ, గురు, శనివారాలు ఆ దారిలో అంకెలు ఏరాలట.

"సెల్లి ఎలాగా ఎల్తాది కదా. నువ్వు ఫ్యాక్టరీకి పో బావా" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. మా చావు ఈయనకి అంకెల పంట అయింది అనుకున్నాను. కానీ నాకు ఉద్యోగం కావాలి. ఆ మంట మింగేసి, గురువారం నుంచి ఆమెని పూండిలో ఎక్కించి నేను కాశీబుగ్గ పోయేవాణ్ణి, ఆయన నౌపడలో ఎక్కేవాడు.

దారంతా ఆమెచేత పనిచేయించేవాడట. కిటికీలోంచి కనిపించే ఉప్పు కుప్పలు లెక్కపెట్టమనేవాడు. తిలారులో బండి ఎన్ని సెకన్లు ఆగిందో చెప్పమనేవాడు. పొద్దున్నుంచి ఎన్ని గుక్కల నీళ్ళు తాగిందో అడిగేవాడు. ఆస్పత్రిలో మంచం పక్క స్టూలు వేసుకుని, బీపీ చూసినప్పుడల్లా అంకె రాసుకుని, "బీపీ మంచి సరుకు, ఎవుల మాటా ఇనదు" అని మెచ్చుకునేవాడట. ఈయన రాని రోజు వార్డుకి తోచదని అనిత అనే నర్సు అందిట. ఓసారి టికెట్ కలెక్టర్ని అంకె అడిగితే, ఆయన జరిమానా ఎంతో చెప్పాడట. భాగ్యం నీరసంతో మంచం మీద వాలి, ఇవన్నీ చెప్పి నవ్వేది. నాతో వెళ్ళిన మూడుసార్లూ ఆమె నవ్వలేదు. అది తలుచుకుంటే నాకు బావ మీద ఇంకా కోపమొచ్చేది.

అయిదు నెలలు గడిచాక మా మేనకోడలు యామిని విశాఖపట్నం నుంచి వచ్చింది. అక్కడ ఏదో కంప్యూటరు కంపెనీలో చేస్తోంది. నేను నౌపడ వెళ్ళేసరికి బావ ఇంట్లో లేడు. దొరికిందే తడవుగా నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను. మీ నాన్న తన మిషనుకి అంకెలు మేపడానికి మీ అత్త రోగాన్ని వాడుకుంటున్నాడన్నాను. యామిని నా వంక వింతగా చూసింది.

"ఇప్పటి మిషన్లకి ఎవరూ ఏరి పెట్టక్కర్లేదు మావయ్యా. చిప్పు లోపలే ఆ గందరగోళం పుడతాది, దానికదే ఏరుకుంటాది. రెప్పపాటులో నిండిపోద్ది. ఎన్నో ఏళ్ళయింది."

"మీ నాన్నకి ఆ సంగతి తెల్దా?"

"నాకు సెప్పిందే నాన్న."

మేజాబల్ల మీద పుస్తకాల దొంతర ఉంది. తెరిచాను. మంగళ, గురు, శనివారాల పేజీల్లో భాగ్యం పేరు. అంకెలున్నాయి, కాకపోతే అవి ఉప్పు కుప్పలవి కావు. మిషనెక్కేముందు బరువు, దిగాక బరువు, బీపీ, తాగిన నీళ్ళు. పక్కనే చిన్న అక్షరాలతో: "ఇడ్లీ రెండు తిన్నాది." "నీళ్ళు ఎక్కువయినాయి, కోప్పడకుండా సెప్పాల." సోమ, బుధ, శుక్రవారాల పేజీల్లో లక్ష్మమ్మ పేరు. నేను వెళ్ళింది బుధవారం, అందుకే బావ ఇంట్లో లేడు. ఆవిడకి తోడు వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. పేజీల అడుగున అక్కడక్కడ నా పేరు కూడా ఉంది. "బావ, పద్నాలుగు." "బావ, పద్నాలుగు." "బావ, పద్నాలుగు. కోపం తగ్గనేదు."

నేను అక్క పెట్టిన టీ తాగకుండా వచ్చేశాను. అయిదు నెలలు ఆ మనిషిని వెనకాల ఎన్ని మాటలన్నానో నాకు తెలుసు, మనసులో అన్నవి ఇంకా ఎక్కువ.

ఇంటికొచ్చి, గొప్ప రహస్యం కనిపెట్టినవాడిలా భాగ్యానికి చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది.

"మొదటి వారమే తెలుసు నాకు. ఆయన వాచీలో ముల్లు కదిలితే కదా, సెకన్లు రాయడానికి."

"మరి ఆ ఉప్పు కుప్పలెందుకు లెక్కెట్టావు?"

"నాకోసం వత్తన్నానంటే నాను రానిత్తునా? అది అన్నయ్యకి తెలుసు. నాకు తెలుసని మాత్రం ఆయనకి తెల్దు. నువ్వు సెప్పీకు" అంది.

ఆ మరుసటి నెలలో ట్రస్టువాళ్ళు కొత్త మిషన్లు దించారు. ఎవరి మంచమూ ఖాళీ కాకుండానే జాబితాలో పదహారో పేరు దాకా పిలిచారు. భాగ్యానికి పలాసలో సీటొచ్చింది, నిఖార్సుగా, ఎవరూ ఒక్క మీట అటూఇటూ జరపకుండా. ఆ పదహారులో ఇద్దరు పిలుపు వచ్చేనాటికి లేరు, వాళ్ళ బదులు తర్వాతివాళ్ళని పిలవాలంటే ఏవో కాగితాలు రావాలన్నారు. అవి ఇంకా రాలేదు. లక్ష్మమ్మ పదిహేడో నంబరు దగ్గరే ఉండిపోయింది.

బావ ఫ్యాక్టరీకి వచ్చి, గుప్పెడు పప్పు తీసి, అలవాటుగా అంకె అడిగాడు. పద్నాలుగు అనడానికి నోరు రాలేదు. క్షమాపణ చెప్పడానికీ రాలేదు. మా ఫ్యాక్టరీకి శుక్రవారం సెలవు కాబట్టి, ఆ రోజు ఆమదాలవలస అంకెలు నేను ఏరతానన్నాను. బావ గుండ్లూ బద్దలూ లెక్కపెట్టడం పూర్తిచేసి కానీ తలెత్తలేదు.

"నీకు రాదేమో బావా. నువ్వు ఒకటే అంకె పట్టుకుని కూకుంటావు" అన్నాడు. పుస్తకం మాత్రం ఇచ్చాడు.

శుక్రవారం కోటబొమ్మాళిలో లక్ష్మమ్మ ఊతకర్రతో నేనున్న రైలుపెట్టె ఎక్కింది. అల్లంత దూరాన్నే నా చంకలో పుస్తకం చూసి, ఈ రోగం నీకూ అంటుకుందా నాయనా అన్నట్టు చూసి, పక్కన కూర్చుంది. నేను చెవి మీద పెన్ను తీశాను.

"ఓ అంకె సెప్పమ్మా. ఆలోసించకుండా సెప్పు."

"ఏడు" అంది.

నేను వాచీ లేని ఎడంచేతి వంక కాసేపు చూసి, టైముతో సహా రాసుకున్నాను.